రేవు విడువని వారు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్యములు చదువుట నా వ్యసనము. ఈ రెంటికిని పొత్తు కుదిరెడి విషయమొకటి నేడు మీ యెదుట నుంచెదను. మన నాగాయలంకకు కృష్ణమ్మను చూడ వచ్చువారు కలరు. వారిని పడవ నెక్కించి త్రిప్పువారు, చేపల పులుసుతో అన్నము పెట్టువారు, రాత్రికొక గది చూపువారు కలరు. ఈ శ్రమయే విజయవాడలో చేసినచో ఎక్కువ రాబడి కలుగును గదా! వీరిక్కడనే యేల నిలిచియున్నారు?

ఈ ప్రశ్న మనకు మాత్రమే పుట్టినది కాదు. న్యూజిలాండు దేశములో యాత్రికులపై ఆధారపడిన చిన్న వ్యాపారులను గూర్చి ఇరీనా అటెల్జెవిక్, స్టీఫెన్ డోర్న్ అను పరిశోధకులు 2000లో ఒక వ్యాసము ప్రకటించిరి. వ్యాపారము పెంచుకొను వీలున్నను, పలువురు బుద్ధిపూర్వకముగా దానిని చిన్నదిగానే ఉంచుకొనిరని వారు చూపిరి. తాము కోరిన బ్రతుకు బ్రతుకుటకై వారు వ్యాపారము పెట్టిరి గాని, వ్యాపారము కొరకు బ్రతుకలేదు.

ఇట్టివారి లెక్క చిట్టా ఆవర్జాలలో తేలదు. జమాఖర్చులు వ్రాసి నిలువ తీసినచో అది స్వల్పముగానే కనబడును. ఏలయన, అందు మూడు పద్దులు ఎక్కవు.

మొదటి పద్దు ఎరుక. ఏ పాయలో ఏ వేళకు పోటు వచ్చునో, ఎప్పుడు ఆటు తీసి పడవ బురదలో కూరుకొనునో, మడ అడవిలో ఏ మలుపున కొంగలు వ్రాలునో తెలిసినవాడు ఆ యెరుకను మూటగట్టి పట్టణమునకు కొనిపోలేడు. ఇక్కడ అది ఆస్తి. అక్కడ అది ముచ్చట మాత్రమే.

రెండవ పద్దు నమ్మకము. యాత్రికులు రాని వానదినములలో బియ్యము అరువిచ్చు కొట్టు, పడవను గట్టుకు లాగుటకు చేయి వేయు పొరుగువాడు ఊరిలో కలరు. పట్టణములో ఇవి రొక్కమిచ్చి కొనవలసినవే.

మూడవ పద్దు తృప్తి. తన పనికి తానే యజమానియై, సందెవేళకు తనవారి నడుమ నుండుటకు వెల కట్టుట ఎట్లు?

నేలపై మమకారమెట్టిదో దివిసీమకు వేరొకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన సుమారు 10,000 మందిని పొట్టన బెట్టుకొనిన పిమ్మటను, మిగిలినవారనేకులు ఇచ్చటనే ఇండ్లు నిలుపుకొనిరి. అయితే అందరును ప్రేమచేతనే నిలిచిరనుట సత్యము కాదు. పోవుటకు చోటు లేకయు, అప్పు తీరకయు ఉన్నవారును కలరు. నిలుచుట వేరు, చిక్కుకొనుట వేరు. ఈ భేదము మరచి పేదవాని యిబ్బందిని మనము దేశభక్తిగా పొగడరాదు.

వెడలిపోయినవారిని నిందించుటయు తగదు. కూచిపూడిలో పుట్టిన వెంపటి చినసత్యముగారు మదరాసు చేరి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, ఆ నాట్యమునకు దేశదేశముల కీర్తి తెచ్చిరి. చింతా కృష్ణమూర్తిగారు ఊరిలోనే యుండి వేంకటరామ నాట్యమండలిని నడిపిరి. ఒకరు ఊరి పేరు నిలిపిరి. ఒకరు పేరునకు తగిన ఊరు నిలిపిరి. రెండును కావలసినవే.

పైకము పుచ్చుకొని అన్నము పెట్టుట ఆతిథ్యమగునా యని కొందరు పెద్దలడుగుదురు. కృష్ణరాయలకు ఆముక్తమాల్యద రచింపుమని ఆనతి యైనది మన జిల్లా శ్రీకాకుళమందలి ఆంధ్రమహావిష్ణువు వలననే. అందలి విష్ణుచిత్తుడు జడివానలోనైనను అతిథులకు లోటు రానీయలేదు. ఆయన వెల గొనలేదు, నిజమే. కాని ఆ కథ సారము ఆదరము. వెల గొనియు ఆదరము తగ్గింపనివాడు ఆ మార్గమున నడచువాడే.

ఇక మన విధి యేమి? రేవులో చెత్త వేయకుందము. మడచెట్లను నరుకనీయకుందము, అవి గాలివానకు అడ్డు, చేపపిల్లలకు ఊయెల. రాబడి లేని నెలలలో చిన్న వ్యాపారి అప్పునకు వాయిదా నిత్తము. పెద్ద పెట్టుబడి వచ్చినపుడు రేవు అద్దె పెంచి అతనిని తరుమకుందము. అతడు పోయినచో నది యుండును, మెట్లుండును. కాని వచ్చినవానిని పలుకరించి పాయల కథ చెప్పువాడుండడు. అట్టి చోటికి ఒకసారి వచ్చినవాడు మరల రాడు.

చివరగా ఒక మనవి. ఈ రజతోత్సవ సంవత్సరమున మన గ్రంథాలయములో ఒక క్రొత్త పుస్తకము తెరువుడు. పడవవారిని పిలిచి పాయల పేర్లు, పోటు వేళలు, పక్షుల రాకపోకలు చెప్పించి వ్రాయించుడు. వారి పిల్లలు ఊరనున్నను, ఊరు విడిచినను, ఆ యెరుక నష్టపోకుండును. చిట్టాలో ఎక్కని పద్దును ఎక్కించుటకు గ్రంథాలయమును మించిన చోటు లేదు. సెలవు.