అర్ధాంతరముగా ఆగిన ప్రసారము

(సంఘ వార్షికోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



కార్యాలయములలో మధ్యాహ్న విరామ సమయమున నలుగురు తెలుగువారు కూడినచోట టెలివిజను ప్రస్తావన రాక మానదు. "ఆ ధారావాహిక ఎంతో బాగుండెడిది, ఎందుకో నడుమనే ఆపివేసినారు" అను మాట అప్పుడు తప్పక వినవచ్చును. కథ ముగిసి ఆగినదానిని గూర్చి ఎవరును చింతింపరు. చూచువారు ఇంకను ఎదురుచూచుచుండగా ఆగినదే మనస్సులో నిలుచును.

ఇట్టి ఆశాభంగము అన్ని దేశములందును కలదు. అమెరికాలో 1966లో ప్రారంభమైన 'స్టార్ ట్రెక్' అను ధారావాహిక 79 భాగములతో 1969లో ఆగిపోయెను. దానిని నిలుపుడని అభిమానులు వేలకొలది ఉత్తరములు వ్రాసిరి. మూడవ సంవత్సరము నడచినది కాని, నాలుగవ సంవత్సరము నడువలేదు. అయినను ఆ ప్రేక్షకులకు ఉత్తరము వ్రాయు శక్తి యుండెను. అక్షరములే రాని ప్రేక్షకుల యెదుట ఒక ప్రసారము ఆగిపోయినచో వారి విచారమును ఎవరు వినవలెను? మన దేశములో సుమారు 2,400 గ్రామములలో ఒక్కనాడే అట్లు జరిగినది. ఆ దినము 1976 జూలై 31. ఆ గ్రామములలో తెలుగు గ్రామములును కలవు. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

ఆ ప్రసారమునకు 'ఉపగ్రహ బోధన టెలివిజను ప్రయోగము' అని పేరు. ఆంగ్లనామములోని తొలి అక్షరములను బట్టి అందరును దానిని 'సైట్' అని పిలిచిరి. దీనికి మూలపురుషులు డాక్టరు విక్రమ్ సారాభాయ్ గారు. టెలివిజనును మొదట నగరములలో నెలకొల్పి, అది క్రమముగా పల్లెకు చేరువరకు దశాబ్దముల కొలది వేచియుండుటకంటె, ఆకాశము నుండి నేరుగా పల్లెకే పంపుట మేలని వారి వాదము. అట్టి ఉపగ్రహము ఆనాడు మనకు లేదు. అందుచే 1969లో భారత అణుశక్తి శాఖకును, అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసాకును ఒడంబడిక జరిగెను. ఉపగ్రహము వారిది. భూమిమీది పరికరముల భారము, కార్యక్రమముల భారము మనది. గడువు ఒక్క సంవత్సరము. సారాభాయ్ గారు 1971 డిసెంబరులోనే కీర్తిశేషులైరి. తాము కోరిన ప్రసారమును వారు కన్నులార చూడలేదు.

నాసావారి ఏ.టి.ఎస్-6 అను ఉపగ్రహము 1974 మే నెలలో పైకెగిరెను. అంతరిక్షమున గొడుగువలె విచ్చుకొను, 30 అడుగుల వ్యాసముగల ఆంటెనా దాని విశేషము. పైనున్నది అంత పెద్దది కనుకనే క్రింద పల్లెలో 10 అడుగుల వ్యాసముగల తీగవల ఆంటెనా సరిపోయెను. 1975లో ఆ ఉపగ్రహమును తూర్పు ఆఫ్రికాకు పైభాగమున, సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, భారతదేశమునకు ఎదురుగా నిలిపిరి. ఆ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన ప్రసారము మొదలయ్యెను. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములలో 20 జిల్లాల గ్రామములు ఇందుకై ఎన్నుకొనబడెను. టెలివిజను పెట్టెలను తయారుచేసినది హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ సంస్థయైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. తెలుగు కార్యక్రమములను సిద్ధపరచిన ఆకాశవాణి కేంద్రమును హైదరాబాదులోనిదే.

ఇందొక విశేషమును గమనింపవలెను. హైదరాబాదు నగరమునకు సొంత టెలివిజను కేంద్రము వచ్చినది 1977లో. దానికి రెండేండ్లు ముందుగనే కొన్ని తెలుగు పల్లెలు తమ బడి వాకిట కూర్చుండి తెలుగు కార్యక్రమములను చూచినవి. పట్టణము ఎరుగనిదానిని పల్లె ముందుగా ఎరుగుట మన దేశ చరిత్రలో అరుదు.

కొలంబోలో ఒకే ఒక గృహమునకు కూడ ఈ భాగ్యము కలిగెను. ఉపగ్రహముల ద్వారా వార్తలు పంపవచ్చునని 1945లోనే వ్రాసిన ఆర్థర్ సి. క్లార్క్ గారి యిల్లు అది. ఆంటెనాను మన ఇస్రోవారే అచ్చట అమర్చి వచ్చిరి.

ప్రతిదినము నాలుగు గంటలు ప్రసారము. ఉదయము గంటన్నర బడిపిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు. ఈ కాలమును హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషలు పంచుకొనవలసి యుండెను. ఉదయము ఒక్కొక్క భాషకు దక్కినది 22½ నిమిషములు మాత్రమే. సాయంకాలము సేద్యము, పశుపోషణ, ఆరోగ్యము, కుటుంబ నియంత్రణ, పాటలు, ఆటలు చూపిరి. వీనితోపాటు అందరికిని ఉమ్మడిగా కొంతసేపు హిందీ కార్యక్రమము వచ్చెడిది. సెలవులలో ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ యిచ్చిరి. అట్లు శిక్షణ పొందినవారు దాదాపు 50,000 మంది.

లోపములు లేవని చెప్పుట న్యాయము కాదు. విద్యుత్తు పోయిన దినములు, పెట్టె చెడిపోయి మరమ్మతునకై చూచిన దినములు కలవు. తొలి వారములలో విరగబడి వచ్చిన జనము తరువాత పలుచబడెను. ఆ కాలము దేశమున అత్యవసర పరిస్థితి నడచిన కాలము. వార్తలలో ప్రభుత్వపు గొంతు తప్ప వేరొకటి వినబడలేదు. బడి మానిన పిల్లలు టెలివిజను కొరకు తిరిగి బడికి రాలేదనియు పరిశోధకులు తేల్చిరి. కాని వారే మరియొక సంగతియు చెప్పిరి. ఆరోగ్యమును గూర్చియు, కుటుంబ నియంత్రణను గూర్చియు ఎక్కువగా తెలిసికొన్నవారు చదువుకొన్నవారు కారు. చదువురానివారు, అందులోను స్త్రీలు. పుస్తకము, వార్తాపత్రిక ఎన్నడును చేరని చోటికి ఆ పెట్టె చేరినదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.

ఈ ప్రయోగములో మెచ్చదగినది యంత్రము మాత్రమే కాదు. ప్రేక్షకుని అడుగవలెనను నియమము అంతకంటె మెచ్చదగినది. సాంఘిక శాస్త్ర పరిశోధకులు పల్లెలలో కాపురముండి, ఏ మాట అర్థమైనది, ఏ బొమ్మ అర్థము కాలేదు, ఎవరు నడుమ లేచిపోయిరి అను సంగతులు వ్రాసికొనిరి. కార్యక్రమములు తయారుచేయువారికి ఆ వ్రాతలు అందెడివి. సేద్యగాని అభిప్రాయము ఫైలులోనికి ఎక్కుట ఎంత అరుదో ఈ సభలోనివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

సంవత్సరము గడచెను. ఎరువు సొమ్మునకు ఎరువిచ్చినవారి తేదీయే తేదీ. 1976 జూలై 31తో ప్రసారము ముగిసెను. ఉపగ్రహము మెల్లగా పడమటికి జరిగి అమెరికా వైపునకు మరలిపోయెను. పెట్టె పల్లెలోనే యున్నది. తీగవల ఆంటెనా ఆకాశము వైపు చూచుచునే యున్నది. పైన పలుకువారు లేరు.

తరువాత ఏమి జరిగినది? 1977 నుండి హైదరాబాదు, గుల్బర్గా మొదలగు కొన్నిచోట్ల భూమిమీది ప్రసార కేంద్రములు వెలసెను. సైట్ గ్రామములలో కొన్ని మాత్రమే వాని పరిధిలోనికి వచ్చెను. తక్కినవి వేచియుండెను. మన సొంత ఉపగ్రహమైన ఇన్సాట్-1ఏ 1982 ఏప్రిలులో ఎగిరి, ఆ సంవత్సరము సెప్టెంబరులోనే చెడిపోయెను. ఇన్సాట్-1బి 1983 ఆగస్టులో ఎగిరి కార్యసాధకమయ్యెను. నడుమ గడచినవి ఏడేండ్లు. 1976లో ఏడేండ్ల వయస్సున బడి వాకిట కూర్చున్న పిల్లవాడు అప్పటికి పదునాలుగేండ్లవాడు. వానికొరకు ఉద్దేశింపబడిన పాఠము వానిని దాటిపోయినది.

ప్రసారము మరల వచ్చునప్పటికి దాని స్వభావము మారియుండెను. 1982లో రంగులు వచ్చెను, జాతీయ కార్యక్రమము వచ్చెను. దేశమంతటను త్వరత్వరగా వెలసిన చిన్న ప్రసార యంత్రములలో పెక్కు ఢిల్లీ కార్యక్రమమును అందుకొని అట్లే పంపునవే. 1984లో 'హమ్ లోగ్' మొదలై, దేశమునకు ధారావాహికల రుచి మరపినది. ఇది సామాన్యమైన విజయము కాదు. కాని తెలుగు పల్లెకు దాని పలుకుబడిలో పాఠము చెప్పుట వెనుకబడెను. ఢిల్లీలోని తెలుగు కుటుంబములకు ఈ సంగతి అనుభవమే. ఆదివారము మధ్యాహ్నము ప్రాంతీయ భాషాచిత్రము వచ్చు రోజులలో, తెలుగు చిత్రము వంతు ఎప్పుడు వచ్చునా యని ఎన్ని యిండ్లవారు ఎదురుచూచిరో పెద్దలకు జ్ఞాపకముండును.

గుజరాతులోని ఖేడా జిల్లాలో ఇంకొక దారి కనబడెను. పీజ్ అను గ్రామమునందలి చిన్న ప్రసార యంత్రము ద్వారా 1975 నుండి ఆ జిల్లావారి సమస్యలను ఆ జిల్లావారి భాషలోనే చూపిరి. గ్రామస్థులే పాత్రధారులైరి. దానికి 1984లో యునెస్కో బహుమతియు వచ్చెను. అయినను అది కూడ కలకాలము నిలువలేదు. బహుమతి వచ్చిన కార్యక్రమమునకును అభయము లేదని దీనివలన తెలియుచున్నది.

కనుక ఒక కార్యక్రమమును ఆపుట తప్పనునది ఇక్కడ వాదము కాదు. ప్రతి పనికిని గడువుండును, వ్యయమునకు హద్దుండును. సైట్ గడువు ఒక్క సంవత్సరమని 1969లోనే అందరికిని తెలియును. తెలిసిన గడువునకు మరునాటి ఏర్పాటు సిద్ధముగా లేకపోవుటయే లోపము. ప్రారంభోత్సవమునకు ఆరేండ్లు శ్రమించినవారు ముగింపు తరువాతి దినమునకు ఆరు నెలలైనను శ్రమింపవలసి యుండెను. ఈ మాట టెలివిజనుకే కాక, ప్రభుత్వము వారి ప్రతి పథకమునకును వర్తించును. వానిని అమలుపరచు ఉద్యోగులు ఈ సభలో ఎందరో కలరు.

ఇక సంఘము చేయదగిన పని యొకటి కలదు. ఆ కాలమున వీడియో టేపు వెలగలది. ఒకమారు వాడినదానిపై మరల చిత్రించుట అన్ని దేశములలోను వాడుక. అందుచే నాటి ప్రసారములను బొమ్మలుగా చూడగోరుటకంటె చూచినవారిని అడుగుట సులభము. 1975లో ఎనిమిది, తొమ్మిదేండ్ల పిల్లలుగా ఆ పెట్టె ముందు కూర్చున్నవారు నేడు పదవీ విరమణ వయస్సునకు వచ్చినవారు. వారిలో కొందరు మన సంఘ సభ్యుల యన్నలో, అక్కలో, ఊరివారో అయియుండవచ్చును. సెలవులకు ఊరికి పోయినప్పుడు వారిని అడిగి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసి తెచ్చినచో, రాబోవు సంచికలో ఆ పుటలు మిక్కిలి విలువైనవి కాగలవు. ఆనాడు ఉత్తరము వ్రాయలేకపోయిన ప్రేక్షకుల ఉత్తరములు అట్లయినను చేరవలసినచోటికి చేరును.