బండికి గాలి పడితే పంటకు నష్టం
(సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన మీటింగుల్లో గిట్టుబాటు ధర గురించి, కరెంటు గురించి, బోర్ల గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు ఇంజన్ వేడి గురించి మాట్లాడుకుందాం. అది డ్రైవర్ల సంగతి, మనకెందుకు అనుకోవద్దు. పుంగనూరు పక్క పల్లెల నుంచి టమోటా వేసుకొని మదనపల్లె మార్కెట్‌కు బయలుదేరిన పికప్పు దారిలో ఆవిరి కక్కుతూ నిలబడితే, వేలం పాట మన కోసం ఆగదు. కుప్పం నుంచి కూరగాయలు, పూలు వేసుకొని బెంగళూరుకు పోయే బండిదీ అదే కథ. కాయ మెత్తబడితే ధర పడిపోతుంది. బండి మనదే అయితే హెడ్డు పని ఖర్చు కూడా మన నెత్తినే పడుతుంది.

ముందు ఇది పనిచేసే తీరు చూద్దాం. వాటర్ పంపు ఇంజన్ చుట్టూ నీళ్లు తిప్పుతుంది. ఇంజన్ 80–90 డిగ్రీలకు వచ్చాక థర్మోస్టాట్ తెరుచుకొని నీళ్లను రేడియేటర్‌కు వదులుతుంది. అక్కడ చల్లారి మళ్లీ ఇంజన్‌లోకి పోతాయి. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ మూతలేని గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టి లోపల అంతకన్నా చాలా ఎక్కువ వేడికి గానీ మరగవు. మూత రబ్బరు పోతే ఆ రక్షణ పోయినట్టే.

ఇక గాలి సంగతి. డ్రిప్పు లైనులో ఎత్తైన చోట ఎయిర్ వాల్వు ఎందుకు పెడతాం? గాలి పైకి చేరి నీటి దారిని అడ్డుకుంటుంది కాబట్టి. మోటారుకు గాలి పడితే తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు ఎత్తదు. ఇంజన్‌లోనూ అంతే. పైపు మార్చినా, పంపు మార్చినా, నీళ్లు మొత్తం తీసి గబగబా పోసినా లోపల గాలి చిక్కుకుంటుంది.

గుర్తులు ఇవి. టెంపరేచర్ ముల్లు ఉన్నట్టుండి ఎక్కి, మళ్లీ దిగుతుంది. డ్యాష్‌బోర్డు వెనక గుడగుడమని చప్పుడు వస్తుంది. ఇంజన్ కాగుతున్నా క్యాబిన్ హీటరు చల్లగాలే ఇస్తుంది. ఇంకో సంగతి: సెన్సారు గాలిలో చిక్కుకుంటే ముల్లు తక్కువే చూపిస్తుంది, లోపల మాత్రం ఇంజన్ కాగిపోతుంది. ముల్లు ఒక్కదాన్నే నమ్మొద్దు.

గాలి తీయడం ఇట్లా. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బండి ముందు భాగం ఎత్తుగా ఉండేట్టు నిలపాలి. మూత తీసి, హీటరు ఫుల్లు వేడికి తిప్పి, కూలెంటు నిదానంగా పోయాలి. గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు లేకుండా ధార వచ్చాక బిగించాలి. తర్వాత ఇంజన్ నిదానంగా తిరగనిచ్చి, మట్టం తగ్గినకొద్దీ పోస్తూ, బుడగలు ఆగాక మూత వేయాలి. మరుసటి పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూడాలి.

ఎంతసేపైనా బుడగలు ఆగకపోతే అది పోసేటప్పుడు చిక్కిన గాలి కాదు. హెడ్డు గ్యాస్కెట్టు పోయి సిలిండర్‌లోని గ్యాసు నీళ్లలోకి వస్తున్నట్టు అనుమానించాలి. తెల్లపొగ ఆగకుండా వస్తున్నా, ఆయిలు పాలు కలిపిన టీలా మారినా బండి నడపొద్దు. బుడగలు లేకుండానే కాగుతుంటే ఫ్యాన్ బెల్టు, ఫ్యాను, లీకులు, రేడియేటర్ సందుల్లో దుమ్ము చూడాలి. ట్రాక్టరుకైతే పొట్టు పట్టి గాలి ఆడదు, రోజూ దులపాలి. థర్మోస్టాట్ పీకేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. పాడైతే కొత్తది వేయించండి. అది లేకుంటే ఇంజన్ సరైన వేడికి రాక డీజిలు ఎక్కువ తాగుతుంది, అసలు జబ్బు అట్లే ఉంటుంది.

చిత్తూరు నుంచి మొగిలి ఘాటు, తిరుపతి నుంచి భాకరాపేట ఘాటు లోడుతో ఎక్కేటప్పుడు చిన్న గేరులో పోవాలి. ముల్లు ఎక్కుతుంటే ఏసీ ఆపి, హీటరు వేసి, పక్కకు తీసి ఆపాలి. కాగిన రేడియేటర్ మూత తీయొద్దు, మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. కాగిన ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగలొచ్చు.

మన ప్రాంతంలో బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కుండకు తెల్లగా పట్టినట్టే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. దారిలో గత్యంతరం లేకపోతే పోయండి గానీ, ఇల్లు చేరాక మార్పించండి. కూలెంటులో డిస్టిల్డ్ వాటరే కలపండి. కూలెంటు విషం, తియ్యగా ఉంటుంది. తీసిన దాన్ని కాలవలో గానీ, పశువుల తొట్టి దగ్గర గానీ పారబోయొద్దు.

చివరిగా ఒక మాట. బండి సొంతం కాని కౌలు రైతే ఎక్కువ నష్టపోతాడు. బాడుగ ముందే ఇస్తాడు, బండి ఆగితే సరుకు నష్టమూ తనే మోస్తాడు. అందుకే కోతలు మొదలయ్యే ముందు ప్రతి ఊరి శాఖా ఒక రోజు పెట్టుకొని, మన సరుకు మోసే బండ్లన్నిటికీ మూత, బెల్టు, పైపులు, కూలెంటు చూపిద్దాం. బండి ఆగిపోతే వేరే బండి ఎవరు తేవాలి, ఖర్చు ఎవరిది అన్నది బాడుగ మాట్లాడేటప్పుడే తేల్చుకుందాం. ఒక్కొక్కరుగా అడిగితే వినరు. సంఘంగా అడిగితే బండి యజమానులూ కూర్చొని మాట్లాడతారు.