మానుట ఒకనాటి పని, మానియుండుట పదిమంది పని
(నర్సింహులపేట సభయందు చేసిన ఉపన్యాసము)



త్రాగుడు చెడ్డదని చెప్పుటకు నేనీ వేదిక నెక్కలేదు. ఆ సంగతి త్రాగువానికంటె బాగుగా నెరిగినవాడు లేడు. ఇల్లాలి పుస్తెలు తాకట్టుపెట్టిన మరునాటి యుదయమున వాడు పడు సిగ్గునకు మన నీతిబోధలు క్రొత్తగా చేర్చున దేమియు లేదు. నేడు నేను విచారింపదలచిన ప్రశ్న వేరు. మానవలెనని మనసార కోరి, నెలయో రెండునెలలో మానిన మనుష్యుడు మరల నేల త్రాగుచున్నాడు? వానిని నిలువబెట్టగలవా రెవరు?

మన తెలుగునాట జరిగిన పోరాటము నొకమారు తలచుకొందము. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట గ్రామమున, రాత్రిబడులలో అక్షరములు నేర్చిన స్త్రీలు సారాదుకాణమును మూయించిరి. ఆ యుద్యమము జిల్లాజిల్లాకు ప్రాకెను. 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. ఆ తల్లులు సాధించిన విజయము సామాన్యము గాదు. అయినను దుకాణమునకు తాళము పడినంతమాత్రమున త్రాగువాని దేహమునందలి కోరికకు తాళము పడదు. ఆ కోరికనే నమ్ముకొని నల్లబెల్లము, పటిక కలిపి గుడుంబా కాచువారు పుట్టిరి, బెల్టుషాపులు వెలసెను. సరకును అరికట్టుట యవసరమే. కాని అది సగము పని.

రెండవ పాఠమును 2015వ సంవత్సరము మనకు నేర్పినది. ఇక్కడ గీతవృత్తిని నిందించుట నా యుద్దేశము కాదు. చెట్టునుండి దించిన కల్లు వేరు. క్లోరల్ హైడ్రేటు, డయజిపాము, ఆల్ప్రజోలాము వంటి మత్తుమందులు కలిపిన కల్లు వేరు. ఆ యేడు సెప్టెంబరులో సర్కారు కల్తీకల్లును కట్టడిచేయగా, నిజామాబాదు మొదలగు జిల్లాలలో దానికి అలవాటుపడిన కూలిజనము వణకుచు, మూర్ఛలు వచ్చి, మతి చలించినవారివలె మాటలాడుచు ఆసుపత్రులకు చేరిరి. మందు మానిన వెంటనే అట్లగుట దేహధర్మము. పాపఫలము గాదు, దయ్యము గాదు. పెక్కేండ్లుగా సారాయి త్రాగినవాడు ఒక్కమారు మానినను రెండుమూడు దినములలో ప్రాణాపాయము రావచ్చును. కావున ఇంట తాళమువేసి మాన్పింప జూచుట ఘోరమైన పొరపాటు. మొదటి దినములు వైద్యునివి. అచ్చట మన ఉపన్యాసములు పనికిరావు.

ఆ పిమ్మట? రోగి ఆసుపత్రినుండి తిరిగివచ్చును. అదే వీధి, అదే బస్సుస్టాండు, కూలిడబ్బులు చేతబడిన సాయంకాలము పిలుచు అదే మిత్రులు. ఇంటివారు నమ్మరు, ఊరివారు నవ్వుదురు. ఆ గడియలో వానిప్రక్కన నిలుచు మనుష్యుడు లేడు. ఆసుపత్రికి చేరువారైన నెందరు? 2019లో వెలువడిన జాతీయ పరిశీలన ప్రకారము, మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో యొక చికిత్స లభించినది. కాబట్టి వైద్యునికి ముందును, వైద్యునికి తరువాతను గ్రామమే చేయవలసిన పని యొకటి యున్నది.

ఆ పని యెట్టిదో అమెరికాదేశమున 1935లో ఇద్దరు త్రాగుబోతులు కనుగొనిరి. బిల్ విల్సన్ అను షేర్లవ్యాపారి త్రాగుడు మానిన కొలదినెలలకే ఆక్రన్ పట్టణమున వ్యవహారము చెడి, మరల త్రాగవలెనను తహతహకు లోనయ్యెను. అప్పుడాయన వెదకినది వైద్యుని గాదు, ఉపదేశకుని గాదు; తనవంటి మరియొక త్రాగుబోతును. అట్లు దొరకినవాడు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు. ఆ వైద్యుడు కడసారి త్రాగిన దినముగా చెప్పబడు జూను 10 ఆ సంఘమునకు జన్మదినమైనది. ఆ సంఘమే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1957లో మన దేశమునకు వచ్చినది. సభ్యత్వమునకు రుసుము లేదు. మానవలెనను కోరిక యొక్కటి చాలును. భార్యాబిడ్డల కొరకు 1951లో అల్ అనాన్ అను సంఘము వేరుగా వెలసినది.

ఇది యేల ఫలించును? చెప్పువాడును విన్నవాడును ఒకే గాయము పడినవారగుటచే సిగ్గు విడిపోవును. కోరిక రేగిన రాత్రి తలుపుతట్టుటకు ఒక యిల్లుండును. తోటివానిని నిలుపబోయి తానును నిలుచును. ఇది భక్తిమాట మాత్రమే గాదు: 2020లో కొక్రేన్ వారు 27 పరిశోధనలను, పదివేలకు పైబడిన జనుల వృత్తాంతమును తూచి, సంపూర్ణముగా మానియుండు విషయమున ఈ మార్గము ఇతర మానసికచికిత్సలకు తీసిపోదనియు, కొన్నిట మించుననియు తేల్చిరి. అయితే ఇది అందరికి నప్పునని చెప్పను. నప్పనివాడు వేరుదారి వెదకుకొనవచ్చును; బలవంతపు హాజరు పనికిరాదు.

పట్టణములకే గాని పల్లెలకిది చెల్లదందురా? 1980లో మద్రాసునందు వెలసిన టి.టి. రంగనాథన్ సంస్థవారు తమిళనాట మంజక్కుడి గ్రామమునకే చికిత్సాశిబిరమును కొనిపోయి, గ్రామస్థుల తోడ్పాటుతో నడపి చూపిరి. మనకు మహిళాసంఘములు కలవు, గ్రామసమాఖ్యలు కలవు, వారమునకొకమారు కూడి పొదుపులెక్క చూచు అలవాటు ఇరువదియేండ్లకు పైబడి కలదు. ఆ కూడు నేర్పునే ఈ పనికి మరల్చవలెను.

నర్సింహులపేట మండలమున, ఊరికొకటిగా కాకున్నను నాలుగూళ్లకొకటిగా నైనను, మానినవారి కూటము వారమునకొక సాయంకాలము జరుగవలెనని నా విన్నపము. కూలిచెల్లింపు దినమునే జరిగిన మేలు. పెద్దలు, నాయకులు అందు అధ్యక్షత వహింపరాదు, మానినవారే నడుపుకొందురు. తండావారు తమ గోరుబోలిలో చెప్పుకొనగలుగు వీలుండవలెను. మన యూళ్లలో ఒకరినొకరు ఎరుగనివారు లేరు. పేరు దాచుట సాధ్యము గాదు. కావున అచ్చట విన్నమాట గడప దాటరాదను నియమము నిక్కముగా పాటింపవలెను. మరల త్రాగినవానిని వెలివేయరాదు. మరుసటి వారము వానికొరకే చాప పరువవలెను. ఇల్లాండ్రకు వేరు కూటము కావలెను. వారిది వానిని కాపలాకాయు పని గాదు; తమ బ్రతుకు తాము నిలుపుకొను పని.

వకీలుగా ఒక్క మాట. చికిత్సకు పోయిన పోలీసులు పట్టుకొందురను భయము పెక్కురకు కలదు. త్రాగుడు మాన్పించుకొనుట నేరము గాదు. గంజాయి, ఆల్ప్రజోలాము వంటివానికి 1985 నాటి మత్తుపదార్థముల చట్టము వర్తించును. అయినను ఆ చట్టమునందలి 64ఏ విభాగము ప్రకారము, వాడుకనేరమునకో స్వల్పపరిమాణమునకో గురియైన వ్యసనపరుడు, సర్కారు నడపు లేక గుర్తించిన చికిత్సాలయమునకు తానై పోయి చికిత్స పొందినచో, వానిపై విచారణ సాగదు. చికిత్స నడుమ విడిచిన ఆ రక్షణ పోవచ్చును. అమ్మువానికి ఈ రక్షణ లేదు. సలహాకొరకు 14446 అను జాతీయ ఫోనుసంఖ్య ఉచితముగా నున్నది.

సోదరులారా! స్వరాజ్యము తెచ్చిన తరము పరుల పాలననుండి విడుదల కోరినది. కల్లుదుకాణముల ముందు పికెటింగు సేయుటయు ఆ యుద్యమమున భాగమే. ఆ పికెటింగునకు మిగిలిన సగము నేడు మన చేతనున్నది. దుకాణము ముందు నిలిచి వలదనుట యెంత యవసరమో, దాని నుండి వెనుదిరిగి వచ్చినవాని వెంట ఇల్లు చేరువరకు నడచుట అంత యవసరము. ఈ సభ చాలించుటకు ముందు మొదటి కూటమునకు దినమును, స్థలమును నిర్ణయింప గోరుచున్నాను. ఇద్దరు వచ్చినను చాలును. ఆక్రన్ నందు ఆరంభించినవారును ఇద్దరే.