పాత కారుకు క్రొత్త ర్యాకు

తాడిపత్రినుండి అనంతపురమునకు వచ్చు దారిలో ఒకనాటి సాయంకాలము మా కారు మా మాట వినుట మానినది. మానినదనుట అతిశయోక్తి కావచ్చును. వినుటకు ముందు కొంత ఆలోచింప నారంభించినది. ఎదుటనుండి నాపరాళ్ల బరువుతో లారీ వచ్చుచుండగా ఎడమకు తొలగుటకై స్టీరింగు త్రిప్పితిమి. చక్రము మా చేతిలో రెండు వ్రేళ్ల వెడల్పు తిరిగినది. బండి మాత్రము తిన్నగానే పోవుచున్నది. ఇంకను త్రిప్పగా ‘టక్కు’మను చప్పుడుతో ఒక్క పెట్టున ఎడమకు దూకి బాట అంచు దిగినది. లారీ ప్రక్కనుండి సాగిపోయినది. వెనుక కూర్చున్న మా తల్లిగారు “ఏమాయ నాయనా?” అని అడిగిరి. “గుంతమ్మా” అని చెప్పితిమి. అక్కడ గుంత లేదు.

ఆ బండి 1999వ సంవత్సరపు మారుతి 800. 1983 డిసెంబరులో మొదటిది రోడ్డెక్కిన ఈ కార్ల తయారీ 2014లో నిలిచినను, మన ఊళ్లలో అవి ఇంకను తిరుగుచునే యున్నవి, విడిభాగములును దొరకుచున్నవి. మాది మా తండ్రిగారు కొనిన బండి. ప్రతి పౌర్ణమికి మా తల్లిగారిని కసాపురము నెట్టికంటి ఆంజనేయస్వామి సన్నిధికి చేర్చునది అదియే. మరునాడు పట్టణములో ఒక కార్ఖానాకు తీసికొనిపోగా, వారు క్రిందికి వంగి చూడకయే “ర్యాకు పోయింది సార్, మొత్తం మార్చాల” అనిరి. వారి మాట నిజమే కావచ్చును. కాని చూడకుండ చెప్పిన నిజమును నమ్ముట మాకు కష్టమైనది.

ర్యాకనగా నేమో ముందు చెప్పుట మంచిది. స్టీరింగు కడ్డీ క్రింది కొనయందు చిన్న పండ్లచక్రమొకటి ఉండును. దానిని పినియను అందురు. దానికి తగులుచు, ఒక ప్రక్క రంపమువలె పండ్లు కోసిన ఉక్కు కడ్డీ యొకటి అడ్డముగా ఉండును, అది ర్యాకు. పినియను గుండ్రముగా తిరిగినచో ర్యాకు కుడియెడమలకు జరుగును. దాని రెండు కొనలనుండి టై రాడ్డులు బయలుదేరి ముందు చక్రములను పట్టుకొనును. ఇంతియే యంత్రము. మన పాత అంబాసిడరులోనిదియు ఈ ఏర్పాటే. అది మారిస్ ఆక్స్‌ఫర్డునుండి వచ్చిన వారసత్వము. ఫియట్టు 1100లోను, దాని సంతతియైన ప్రీమియర్ పద్మినిలోను మాత్రము స్టీరింగు పెట్టె యుండెడిది. ర్యాకు పద్ధతిలో కీళ్లు తక్కువ. చేయి కదలిన వెంటనే చక్రము కదలును. అందుచేతనే అది అరిగినచో దాచుకొనలేదు. అరుగుదల తిన్నగా మన అరచేతికి తెలియును.

మా వెనుక వీధిలో, ఆర్.టి.సి. డిపోలో చిరకాలము మెకానిక్కుగా పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరున్నారు. సంగతి విని ఆయన నవ్విరి. “ర్యాకు పోయిందని ఎవురు సెప్పిరి సామీ? ముందు సెయ్యి పెట్టి సూడల్ల గదా!” అని, మా మేనల్లుని స్టీరింగు వద్ద కూర్చుండబెట్టి చక్రమును అటునిటు కొద్దికొద్దిగా ఊపుమనిరి. తాము బండి క్రిందికి చేరి ఒక్కొక్క కీలును అరచేతితో పట్టుకొనిరి. కీలు అరిగినచో రెండు భాగములు వేర్వేరుగా కదలుట చేతికి తెలియును, కంటికి తెలియదు. చక్రమువద్ద నుండు టై రాడ్ ఎండులు మొదట చూచిరి, అవి బాగున్నవి. ర్యాకును బండికి బిగించు పట్టీలలోని రబ్బరులు చూచిరి, అవియు బాగున్నవి. స్టీరింగు కడ్డీ కీలు చూచిరి. చివరకు ర్యాకు ఎడమ కొనను పట్టుకొని “ఇదిగో, దొంగ ఈడుండాడు” అనిరి.

ఈ పరీక్షను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ప్లే వచ్చినది, చప్పుడు వచ్చినది అనగానే ర్యాకును తప్పుపట్టరాదు. ఎక్కువ బండ్లలో దానికన్న ముందు అరుగునవి చవుకైన కీళ్లే.

ఇక మా ర్యాకు ఎట్లు చెడినది? ర్యాకు రెండు కొనలను కప్పుచు, హార్మోనియపు తిత్తివలె ముడుతలు ముడుతలుగా రబ్బరు తొడుగులుండును. వానిని బూట్లు అందురు. మా బండి ఎడమ బూటు ఒక ముడుతవద్ద జానెడు పొడవున పగిలియున్నది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు జిల్లా మనది. ఆషాఢపు గాలులకు ఎఱ్ఱమన్ను వాకిళ్లలోనికి వచ్చును. బొమ్మనహాళ్, కణేకల్లు ప్రాంతమున హగరి యిసుక పొలములమీదికే నడచివచ్చును. ఇక్కడి ఎండకు రబ్బరు బిరుసెక్కి పగులును. పగులులోనుండి దుమ్ము లోపలికి పోయి గ్రీజుతో కలియును. దుమ్ము కలిసిన గ్రీజు గ్రీజు కాదు. అది సానపట్టు ముద్ద. మనము త్రిప్పిన ప్రతిసారి అది పండ్లను అరగదీయుచునే యుండును. ఎన్నడో కొలది రూపాయలతో మార్చవలసిన రబ్బరు తిత్తిని మేము చూడలేదు. ఆయిలు మార్చినప్పుడెల్ల బానెట్టు ఎత్తితిమే గాని క్రిందికి ఒక్కమారైనను తొంగి చూడలేదు.

ర్యాకు పెట్టెకు సర్దుబాటు మర ఒకటి ఉండును. దానిని బిగించినచో ప్లే తగ్గునని తెలిసినవారు పలువురు. మా మేనల్లుడును “మామా, కొంచెం టైటు చేస్తే చాలదా?” అని అడిగెను. చాలదు. బండి ఎక్కువ కాలము తిన్నగా పోవును గనుక ర్యాకు నడిమి పండ్లే ఎక్కువగా అరుగును; కొనల పండ్లు క్రొత్తవివలెనే యుండును. నడిమి వదులు పోవునంతగా బిగించినచో మలుపులో కొనల పండ్లు పట్టుకొనిపోవును. మలుపు తిరిగిన పిమ్మట చక్రము తనంతట తాను తిన్నగా రాదు. వదులు స్టీరింగుకన్న పట్టుకొను స్టీరింగు ప్రమాదకరము.

కావున క్రొత్త ర్యాకు కొని, ఒక ఆదివారము ఉదయము ఆరు గంటలకు వేపచెట్టు క్రింద పని ప్రారంభించితిమి. పెద్దాయన కుర్చీలో కూర్చుండిరి; చేతులు మావి, కన్నులు వారివి. మొదట వెనుక చక్రములకు రాళ్లు పెట్టితిమి. జాకీతో ముందు భాగము లేపి, ఇనుప స్టాండులపై నిలిపితిమి. నేల మెత్తనిదగుటచే స్టాండుల క్రింద వెడల్పైన నాపరాయి పరచితిమి. స్టాండు క్రింద రాయి వేరు, స్టాండుకు బదులు రాళ్ల దొంతర వేరు. రాళ్లమీదగాని, ఇటుకలమీదగాని, ఒక్క జాకీమీదగాని నిలిపిన బండి క్రిందికి ఎవ్వరును దూరరాదు. నాపరాయి చెప్పక చెప్పక పగులును.

స్టీరింగును తిన్నగా నిలిపి, అది తిరుగకుండ సీటుకు త్రాటితో కట్టితిమి. టై రాడ్ ఎండు ఎంతవరకు మరలోనికి పోయియున్నదో తెల్లరంగుతో గుర్తు పెట్టి, ఊడదీయునప్పుడు ఎన్ని చుట్లు తిరిగినదో సుద్దతో నేలమీద వ్రాసికొంటిమి. కీలు నట్టునకున్న స్ప్లిట్ పిన్ను తీసి, నట్టు విప్పితిమి. దాని క్రింది సూదికొన గల కడ్డీ చక్రపు చేతిలో బిగిసి ఒకంతట రాదు. దాని మరపై సుత్తితో కొట్టినచో మర చెడును. పరికరముతో లాగవలెను, లేదా కన్నమున్న ఉక్కుభాగమునకు ఒక ప్రక్క బరువైన సుత్తి ఆనించి, రెండవ ప్రక్క మరొక సుత్తితో గట్టిగా మోదవలెను. మాది నాలుగవ దెబ్బకు వదలినది. పిమ్మట స్టీరింగు కడ్డీని పినియనుకు కలుపు బోల్టును వదులుచేసి విడువక పూర్తిగా బయటికి తీసితిమి. అది గాడిలో ఇమిడియున్నంతవరకు కడ్డీ విడిరాదు. పట్టీల బోల్టులు తీయగా ర్యాకు ప్రక్కగా జారి వచ్చినది. పగిలిన బూటును కాగితముపై గుల్లించితిమి. దోసెడు ఎఱ్ఱమన్ను రాలినది. వేరుశనగ చేనిదో, తాడిపత్రి దారిదో చెప్పలేము.

అమర్చుట ఊడదీయుటకు తలక్రిందులు అని పుస్తకములు వ్రాయును. అది సగము నిజము. క్రొత్త ర్యాకును ముందు నడిమికి తేవలెను. పినియనును ఒక కొననుండి మరొక కొనకు త్రిప్పి ఎన్ని చుట్లో లెక్కించి, అందులో సగమునకు వెనుకకు రావలెను. అప్పుడు స్టీరింగు చక్రము తిన్నగా ఉండగానే రెంటిని కలుపవలెను. ఒక పన్ను తప్పినను బండి నడచును గాని చక్రము వంకరగా నిలుచును. ఎక్కువ తప్పినచో ఒక ప్రక్క మలుపు తగ్గును. మేము మొదటిమారు ఒక పన్ను తప్పితిమి. మరల విప్పితిమి. కలుపు బోల్టు గాడిలోనుండి తిన్నగా దూరినదా లేదా అని పెద్దాయన స్వయముగా వ్రేలు పెట్టి చూచిరి. అది సరిగా కూర్చుండక పైపైన బిగిసినచో, ఒకనాడు చక్రము చేతిలో ఊరక తిరుగును.

సాయంకాలము ఐదింటికి అంతయు ముగిసినదని చేతులు కడుగుకొంటిమి. అప్పుడు పెద్దాయన, విడి సామగ్రి పెట్టిన స్టీలు పళ్లెమును మా ముందునకు త్రోసిరి. అందులో స్ప్లిట్ పిన్ను ఒకటి ఉన్నది. మేము కొనినవి రెండే. కుడి ప్రక్క చూచితిమి, పిన్ను ఉన్నది. ఎడమ ప్రక్క నట్టు బిగించితిమి గాని కన్నము గాడికి ఎదురుగా రాలేదని “తరువాత చూతము” అని మేమే అనుకొని మరచితిమి. పెద్దాయన కోపపడలేదు. “సామీ, నట్టు ఇంకొంచెం బిగించి గాడి కలపల్ల. గాడి కోసరమని ఎనక్కి వదలగూడదు” అని మాత్రమే అనిరి. పిన్ను లేని నట్టు పదిదినములు ఉండవచ్చును, నెల ఉండవచ్చును. కసాపురపు దారిలోనే ఊడవచ్చును. మా తల్లిగారు వెనుక సీటులో ఉండగా ఆ చక్రము ఏ దిక్కునకు పోయెడిదో ఆ రాత్రి మేము చాలసేపు తలపోసితిమి.

పిన్ను వేసిన పిదప, చక్రములు గాలిలో ఉండగనే స్టీరింగును కొననుండి కొనకు త్రిప్పి, బ్రేకు గొట్టములు ఎచ్చటను రాచుకొనుట లేదని చూచితిమి. బండిని దింపి, చక్రముల నట్లు బిగించి, వీధిలో నడక వేగముతో రెండు మారులు త్రిప్పితిమి. ముందు చక్రముల పొందికను దారముతో కొలిచి సుమారుగా సరిచేసితిమి. అది అలైన్‌మెంటు చేయువారివద్దకు పోవుటకు మాత్రమే చాలును. వారివద్దకు పోనిచో క్రొత్త టైర్లు సయితము ఒక అంచున అరిగి పాడగును. ఏబది కిలోమీటర్లు నడపిన తరువాత అన్ని నట్లను మరల చూచితిమి.

ఇంటివద్ద చేయదగని బండ్లును కలవు. పెనుకొండ చెంత ఎఱ్ఱమంచిలో 2019నుండి కియా వారి కార్లు తయారగుచున్నవి; అట్టి నేటి కార్ల స్టీరింగునకు విద్యుత్తు మోటారు తోడ్పడును, చక్రములో గాలిసంచి ఉండును. కడ్డీ విడిపోయినప్పుడు చక్రము ఊరక తిరిగినచో గాలిసంచికి పోవు తీగచుట్ట తెగును. వానిని తెలిసినవారికి విడువవలెను. మా పాత బండిలో అవేవియు లేవు గనుకనే మాకు ధైర్యము కలిగినది. పెద్దాయన కుర్చీలో ఉండుట మరొక కారణము.

ఇప్పుడు మేము ఆయిలు మార్చినప్పుడెల్ల బూట్ల ముడుతలను వ్రేళ్లతో విప్పి చూచుచున్నాము. రబ్బరు మెత్తబడునని కొందరు దానికి డీజిలు, పాత ఆయిలు పూయుదురు. అది రబ్బరును ఉబ్బించి చెఱచును. నీటితో కడిగి తుడిచిన చాలును.

తరువాతి పౌర్ణమికి మా తల్లిగారిని కసాపురము తీసికొనిపోయితిమి. గుత్తివద్ద టీ కొరకు ఆగి, మేము ముందు చక్రమువద్ద వంగి చేయి పెట్టుట చూచి, ఆమె “ఏం వెదుకుతున్నావు నాయనా?” అని అడిగిరి. ఈసారి పిన్ను సంగతి చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “రెండో పక్క గూడా చూడు” అనిరి. చూచితిమి.