దిక్కులేని పావురపు పిల్లలు



మేము బరంపురమున ధాన్యవర్తకము చేయువారము. గింజలున్నచోట పావురములుండుట సహజము గదా! ఒకనాడు మా కొట్టు చూరులోని జంటను పిల్లి చంపినది. అప్పుడే కన్నులు తెరచిన పిల్లలు రెండు మిగిలెను. జాలిపడి వాని నోట ఆవుపాలు పోసితిమి. తెల్లవారునప్పటికి ఒకటి మరణించెను. ఆ తప్పు మాదే.

తల్లిపావురమును, తండ్రిపావురమును గూడ తమ మేతసంచిలో ఊరు పాలవంటి పదార్థమును పిల్లలకు పెట్టును. పశువుల పాలలోని చక్కెర అందులేదు. పక్షులకది జీర్ణము కాదు. మీదుమిక్కిలి, గొంతున పోసినది శ్వాసనాళమున పడవచ్చును.

రెండవదానిని బుట్టలో గుడ్డలు పరచి వెచ్చగా నుంచితిమి. బఠాణీలు ఉడికించి, మెత్తగా నూరి, గోరువెచ్చని నీట కలిపితిమి. పావురపు పిల్ల కాకిపిల్లవలె నోరు తెరువదు. పెద్దపక్షి నోట తన ముక్కునుంచి తినును. కనుక చిన్న సీసా మూతికి గుడ్డకట్టి, నడుమ చీల్చి, అందు దాని ముక్కు నుంచితిమి. తానే తినెను! మేతసంచి ఖాళీయైన పిదపనే మరల పెట్టితిమి. కొన్ని వారములకది మా చూరునుండియే ఎగిరిపోయెను.

పెద్దపక్షి యొక్కటి బ్రతికియున్నను పిల్లను గూటనే విడువుడు. ముట్టినపుడెల్ల చేతులు సబ్బుతో కడుగుడు. ఎండిన రెట్టల ధూళి ఊపిరితిత్తులకు చేటు. జాలి యొక్కటియే చాలదు, తెలిసి చేయవలయునని మా మనవి.