చదరపు అడుగుకు అందని శ్రమ
(శాఖా సభ్యుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వేతన సంఘముల నివేదికలు, కరువు భత్యపు లెక్కలు మనకు కొత్త కావు. నేడు మాత్రము మనము పుచ్చుకొను జీతమును గూర్చి గాక, మనము ఇచ్చు కూలిని గూర్చి మాట్లాడదలచినాము.

గార్డుగా పనిచేసి పదవీ విరమణ పొందిన మన సభ్యులొకరు ఇటీవల మా వద్దకు ఒక తగవు తెచ్చినారు. వారి స్నానాల గదిలో నేలకు కొత్త టైల్స్ వేయవలెను. గది 7 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. అనగా 42 చదరపు అడుగులు. ఊరిలో చదరపు అడుగుకు 25 రూపాయల కూలి నడచుచున్నది. ఆ లెక్కన 1,050 కావలసిన పనికి మేస్త్రీ 4,400 అడిగినాడని వారి ఫిర్యాదు. మేస్త్రీని కూడ పిలిపించి, కాగితము ముందుంచుకొని కూర్చున్నాము.

ఆ 25 రూపాయల రేటు ఎక్కడ పుట్టినది? విశాలమైన హాలులో మేస్త్రీ, సహాయకుడు కలిసి రోజుకు 80 చదరపు అడుగులు వేయుదురు. 2,000 వచ్చును. అందు మేస్త్రీకి 1,200, సహాయకునికి 800. అనగా రేటు వెనుక ఉన్నది రోజు కూలియే.

చిన్న గదిలో ఏమి జరుగును? మొదటి రోజు పాత గచ్చు పగులగొట్టి, ఆ రద్దును బస్తాలకెత్తి మోయవలెను. పిదప నీరు తూము వైపు పారునట్లు వాటము చూచి మాలు పరువవలెను. రెండవ రోజు టైల్స్ వేయుట. గోడల అంచున, గుమ్మము వద్ద, తూము జాలీ చుట్టూ ప్రతి ముక్కను కొలిచి కోయవలెను. ఇద్దరికి రెండు రోజులు, కూలి 4,000. సామానుల ఆటో కిరాయికి, కోత బిళ్ళ అరుగుదలకు 400. మేస్త్రీ అడిగినది ఇదే. చదరపు అడుగు లెక్కనే ఇచ్చి ఉన్నచో మనిషికి రోజుకు 263 రూపాయలైనను దక్కవు.

అంతేకాదు. మూడవనాటి ఉదయము మేస్త్రీ తిరిగి వచ్చి తెల్ల సిమెంటుతో సందులు పూడ్చవలెను. పని గంటసేపే, కాని ఆ పూట మరొక పని దొరకదు. దానిని ఆతడు లెక్కలో వేయనే లేదు. ఆ మాట మేము ఎత్తగా మన సభ్యులు కొంతసేపు మౌనముగా ఉండి, “చక్రము తిరిగినంతసేపే డ్యూటీ అంటే మేము ఒప్పుకొన్నామా?” అని, ఒక పూట కూలి 600 తామే కలిపి 5,000కు ఒప్పుకొన్నారు.

వారి మాట మన చరిత్రలోనిది. 1973 ఆగస్టు సమ్మెతో లోకో రన్నింగ్ సిబ్బంది సాధించుకొన్న 10 గంటల డ్యూటీ సూత్రము సైన్ ఆన్ నుండి సైన్ ఆఫ్ వరకు లెక్కించునది. గ్రామీణ డాక్ సేవకుని శ్రమను పంచిన ఉత్తరముల సంఖ్యతోనే కొలిచినచో నడచిన దూరమును ఎవరు లెక్కింతురు? కొలతపై చేయు పనికైనను కనీస కాల వేతనమునకు తగ్గరాదని 1948 నాటి కనీస వేతనాల చట్టము 17వ సెక్షను చెప్పినది. 2019 నాటి వేతనాల కోడ్ ఆ సూత్రమును నిలుపుకొన్నది. ఇంటి పనికి చట్టము వర్తించునా అనునది వేరు ప్రశ్న. సూత్రము మాత్రము మనదే.

కావున చిన్న పని ఒప్పుకొనునపుడు ఎన్ని అడుగులని గాక, ఎందరికి ఎన్ని పూటలని ముందు అడుగుడు. పగులగొట్టుట, రద్దు మోయుట, కోత, సందులు పూడ్చుట ఎవరి లెక్కలోనివో పని మొదలుకాక మునుపే వ్రాసుకొనుడు. అడిగిన కూలి నిచ్చుట ఎంత న్యాయమో, పని సరిగా కోరుట అంతే న్యాయము. సందులు ఆరిన పిమ్మట బకెట్టెడు నీరు పోసి చూడుడు. నీరు నిలువక తూము చేరినచో మిగిలిన పైకము అప్పుడే చేతిలో పెట్టుడు. మరునాడు రమ్మనవద్దు. ఆ రాకకు కూడ ఒక పూట ఖర్చగును.

మన జీతమును ఏ కొలతతో కొలువవలెనని కోరుచున్నామో, మన గుమ్మములోనికి వచ్చిన కార్మికుని కూలిని కూడ ఆ కొలతతోనే కొలుతము.