చలికాలములో దోమలెక్కడ?

మన తెలుగునాట దోమలు ఏడాది పొడుగునా మనలను విడువవు. మంచు కురియు దేశములలో మాత్రము శీతకాలము రాగానే అవి కంటికి కనబడవు. చచ్చినవనుకొందుము. కాని ఎండ కాయగానే చెవిచెంత మరల ఆ రొద వినవచ్చును. ఈ నడుమ అవి యెక్కడ నుండును? వాటితోపాటు రోగబీజము కూడ బ్రతికియుండునా?

1999లో న్యూయార్కు నగరమునకు ఈ ప్రశ్న ప్రాణసంకటమైనది. ఆ వేసవి చివర వెస్ట్ నైల్ వైరస్ ఆ ప్రాంతమున 62 మందిని తీవ్రముగ పట్టి, ఏడుగురిని బలిగొన్నది. 1937లో ఆఫ్రికాలోని ఉగాండాలో తొలుత కనుగొనబడిన ఆ వైరస్ అమెరికాలో కనబడుట అదియే మొదలు. చలి వచ్చినది, దోమలు పోయినవి, జ్వరము ఆగినది. పీడ విరగడైనట్లేనా?

శాస్త్రజ్ఞులు అంతటితో తృప్తిపడలేదు. ఆ చలిలోనే చీకటి మూలలను గాలించి, 2,300 దోమలను పట్టి పరీక్షించిరి. క్వీన్స్ ప్రాంతములోని ఫోర్ట్ టాటెన్ అను పాత కోటనుండి తెచ్చిన దోమలలో వైరస్ బయటపడినది. అది సజీవముగనే యున్నది!

అట్లు దాగియున్నవి క్యూలెక్స్ జాతి ఆడుదోమలు. మగవి చలి ముదురకముందే చచ్చును. పగళ్లు కురుచయగు దినములలో పెరిగిన ఆడుదోమ రక్తము జోలికి పోక, పూదేనె త్రాగి క్రొవ్వు కూడబెట్టుకొని, చలికాలమంతయు నిద్రవంటి స్తబ్ధతలో గడపును. మరి రక్తమే త్రాగనిదానికి వైరస్ ఎట్లు సోకెను? తల్లిదోమనుండి గ్రుడ్డు ద్వారా వచ్చుటయే ఇందుకు ముఖ్యమైన మార్గము. ఇట్టి వారసత్వము అరుదే. కాని వసంతమున మేల్కొని ఒక పక్షిని కుట్టుటకు అట్టి దోమ యొక్కటి చాలును; పక్షినుండి ఇతర దోమలకు, వాటినుండి మనుష్యులకు గొలుసు మరల సాగును. 2000 వేసవిలో ఆ జ్వరము న్యూయార్కునకు తిరిగి వచ్చినది.

మనకు మంచు లేదు. కాని మన యిండ్లలోను దోమకు దాగు చోటున్నది. డెంగీ దోమ గ్రుడ్లు తొట్టి గోడల కంటుకొని, నీరింకినను నెలల తరబడి బ్రతికియుండి, నీరు తగులగానే పొదుగును. వాటిలో కొన్నిటికి తల్లినుండి వైరస్ సంక్రమించి యుండవచ్చును. కావున తొట్టిలోని నీరు పారబోసిన చాలదు; గోడలను పీచుతో గట్టిగ తోమవలెను. దోమ కనబడని దినములలో మనము ఏమరియుండరాదు.